మడత కుదిరేదాకా

పొద్దున్నే ఆమె భర్త అన్నం పళ్ళెం తెచ్చి, మైక్రోస్కోపు గది తలుపు కింద సందులోంచి లోపలికి తోశాడు. ఆ తలుపు సంగతి ఆ ల్యాబులో అందరికీ తెలిసిందే. ఎవర్నైనా లోపలికి రానిస్తుంది, పని కుదరనిదే బయటికి పోనివ్వదు. వాళ్ళ పాప పాకే రోజుల్లో పరిశోధనకని లోపలికెళ్ళిన ఆమె ఇంకా అక్కడే ఉందంటే ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. "పనైతే అదే తెరుచుకుంటుందిలే" అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పనంటే బతికున్న కణంలో ప్రోటీన్లని లేజరు వెలుగులో చూడటం. కొత్త ప్రోటీను సరిగ్గా మడత పడితేనే కణం దాన్ని గడప దాటనిస్తుంది. లేకపోతే విప్పి మళ్ళీ మడుస్తుంది, ఎంతకీ కుదరకపోతే ముక్కలు చేసేస్తుంది. ఒక్కటైనా బాగా మడతపడి బయటికెళ్ళే దృశ్యం ఆమె పట్టుకోవాలి. ఆమెకి కనబడేవన్నీ చిక్కుపడి లోపలే ఉండిపోయేవి.

ఆ మాటే చెబితే, "అచ్చం నీలాగే" అన్నాడు భర్త తలుపవతల నుంచి.

"వేళాకోళం చాలుగానీ, పాపేం చేస్తోంది?"

"వాగుతోంది, నీ పోలికే. దానికి అమ్మంటే ఈ తలుపే, రోజూ సాయంత్రం వచ్చి దీంతోనే కబుర్లు. నిన్న నీ ఫొటో చూపిస్తే, ఈ ఆంటీ ఎవరంది."

ఆమె పళ్ళెం పక్కకి నెట్టేసింది. ఇంకొన్నాళ్ళు ఇక్కడే పడుంటే కన్నబిడ్డకి పరాయిదైపోతుంది.

గోడకున్న స్పీకరులోంచి ఆమె పరిశోధన చూసే గైడు గొంతు వినిపించింది. "మసగ్గా ఉందమ్మా, లేజరు పెంచు." రోజూ అదే పాట. ఆయన తన గదిలో తెర ముందు కూర్చుని చెప్తాడు, ఈ గడప తొక్కితే ఒట్టు!

ఏడ్చి ఏడ్చి కళ్ళు మండుతుంటే ఆమె లేజరు బాగా తగ్గించేసింది. ఆ మసకలో ఒక ప్రోటీను చుక్క నెమ్మదిగా ముడుచుకుని, కుదురుకుని, గడప దాటి వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకొకటి.

"నా మతి మండ! నేను వేసిన వెలుగే వీటిని పాడుచేసిందన్నమాట!"

"ఏమీ కనబట్టం లేదు, పెంచు" అన్నాడు గైడు.

"పెంచనండి. పెంచితే చెడిపోతాయి."

తలుపు కిర్రుమని తెరుచుకుంది.

సాయంత్రం కబుర్లకని పాపని తీసుకొచ్చిన భర్త ఎదురుగానే ఉన్నాడు. ఆమె ఒక్క ఉదుటున బయటికొచ్చి పాపకేసి చేతులు చాపింది. పాప వాళ్ళ నాన్న కాళ్ళ చాటుకి దూరింది. అక్కణ్ణుంచి తప్పించుకుని పరిగెత్తి, తెరిచున్న తలుపుని రెండు చేతులా తట్టింది.

"అమ్మా, ఎవరో వచ్చారే! భయమేస్తోంది."

ఆమె చాపిన చేతులు దించేసింది. మెల్లగా తలుపు వెనక్కెళ్ళి నిలబడింది.

"భయమెందుకు తల్లీ? ఆవిడ మంచిదే."

పాప చెంప తలుపుకి ఆనించింది.

"మరి నువ్వెప్పుడొస్తావ్?"