మంచుకి అలక

కుట్టుమిల్లు వ్యాన్ నడిపే ఆవిడని అందరూ డ్రైవరమ్మ అనేవారు. పొద్దున ఆరింటికల్లా పన్నెండు మంది ఆడవాళ్ళని ఎక్కించుకుని కొండదారి పట్టేది. ఆ దారిలో పొగమంచుకి మహా పౌరుషం. ఫాగ్ లైట్లు కిందికి దించి రోడ్డు మీద వేస్తే అంచు ఎత్తిపట్టుకుని దారి చూపించేది. మొహాన కొడితే అలిగి గోడలా నిలబడిపోయేది. మంచన్నాక ఆ మాత్రం అలక ఉంటుందని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

అలాంటిది రెండు రోజులుగా మంచు ఆమెకి దారి ఇవ్వలేదు. రెండు రోజులూ మిల్లుకి ఆలస్యమే. మూడోసారి ఆలస్యమైతే వ్యాన్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని మేనేజరు తేల్చి చెప్పేశాడు. తను చేసిన తప్పేమిటో చెప్పమని ఆమె మంచునే బతిమాలింది గానీ, లైట్ల మీద అనుమానమే రాలేదు. వాటిని మొన్ననే సరిచేసింది సొంత తమ్ముడు. ఆ పని వాడికి నేర్పింది తనే.

మూడో రోజు మంచు బంపరు దాకా వచ్చి నిలబడింది. లైటు తిరిగి తన కళ్ళలోనే పడుతోందని ముందు సీటులోని ముసలామె అనేసరికి డ్రైవరమ్మకి మొదటిసారి లైట్ల మీద అనుమానం వచ్చింది. వ్యాన్ తిప్పి తమ్ముడి షెడ్డుకి పోనిచ్చింది. గోడకి ఇరవై అయిదు అడుగుల దూరంలో ఆపి, ఎవరినీ దిగవద్దంది. లోపల బరువుంటేనే వెలుగు అసలు ఎక్కడ పడుతోందో తెలిసేది. గోడ మీద లైటు ఎత్తుకి నాలుగంగుళాలు కిందుగా సుద్దగీత గీసి స్విచ్ వేసింది. వెలుగు గీత దాటి జానెడు పైకి పాకింది.

వంగి చూసింది. లైటు ఎత్తు సరిచేసే స్క్రూ తిప్పాక అది కదలకుండా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టడం ఆమె నేర్పిన అలవాటు. పాత చుక్క గీకేసి, కొత్తది ఎంతో శ్రద్ధగా పెట్టి ఉంది. పొరపాటైతే ఎంత బాగుండేదో అనిపించింది.

తమ్ముడు బయటికొచ్చి, చూసి, తల దించుకున్నాడు.

"ఎవరి కోసంరా?"

"మా బావమరిది కోసమక్కా. నీ పని పోతే వాడికిస్తానన్నాడు మేనేజరు. కాస్త ఆలస్యమే కదా అనుకున్నా."

"వెనక పన్నెండు మందిరా. పక్కనే లోయ."

ఆమె ఏడుస్తూనే స్క్రూలు తిప్పి లైట్లు కిందికి దించింది. రోడ్డు మీది మంచు వ్యాన్‌కి దారి వదిలి, పక్కనుంచి షెడ్డులోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు మిల్లుకి అయిదు నిమిషాలు ముందే చేరారు.

సాయంత్రం తిరిగొస్తుంటే ఊరంతా ఎండ కాస్తోంది. షెడ్డు మాత్రం ఇంకా తెల్లగా మూసుకుపోయి ఉంది. లోపల్నుంచి తమ్ముడి గొంతు వినబడింది.

"అక్కా, గుమ్మం ఎటుందో తెలియడం లేదే."

తను ఒక్క మాట చెబితే మంచు లేస్తుందని ఆమెకి తెలుసు. ఆడవాళ్ళంతా ఆమె వైపే చూశారు. ఆమె గేరు మార్చి ముందుకి పోనిచ్చింది.