పేజీ తిప్పే కాలు

పియానో టీచరమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పడం ఆమె భర్త డ్రైవరుగారి పని. బస్సు ఉద్యోగానికి రిటైర్మెంటు ఉంది గానీ దీనికెందుకుంటుంది అనుకున్నారాయన. స్వరాలు చదవడం ఒక్క ముక్క రాదు. రానవసరమూ లేదు. భార్య గడ్డం కాస్త కిందికి దిగితే పేజీ తిప్పాలి, అంతే. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. కచేరీల్లో జనమంతా ఆవిడ వేళ్లను చూస్తుంటే ఈయన ఆవిడ గడ్డాన్నే చూస్తుండేవారు.

పోయినేడు జబ్బు చేసి లేచాక చేతులు వణకడం మొదలైంది. పిల్లల వార్షిక కచేరీలో రెండు పేజీలు ఒకేసారి తిప్పేశారు. టీచరమ్మతో కలిసి వాయిస్తున్న శిష్యురాలు బిక్కచచ్చిపోయింది. టీచరమ్మే ఎలాగో గట్టెక్కించింది. తర్వాత ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకు మరీ కష్టమనిపించింది. ఇక ఆ స్టూలెక్కేది లేదని తెగేసి చెప్పారు.

అంతలో కూతురు ఒక ట్యాబ్ తెచ్చి పియానో మీద నిలబెట్టింది. బీరువా నిండా ఉన్న స్వరాల పుస్తకాలన్నీ అందులో ఒదిగిపోయాయి. టీచరమ్మ మొదట్లో వేలు తడి చేసుకుని ఆ అద్దాన్నే తిప్పబోయి నవ్వులపాలైంది. అలవాటయ్యాక దాన్ని వదిలితే ఒట్టు. శిష్యులు తప్పు వాయించిన చోట దానిమీదే ఎర్రగా సున్నా చుడుతుంది. పిల్ల ఇల్లు చేరేసరికి ఆ సున్నా ఆ పిల్ల ట్యాబ్‌లో ఎదురుచూస్తుంటుంది. కాగితం ఎక్కడో పోయిందన్న సాకు ఇక చెల్లదు, పాపం.

ట్యాబ్‌తో పాటు, కాలితో నొక్కితే పేజీ తిప్పే చిన్న పెడలు కూడా వచ్చింది. డ్రైవరుగారు దాన్ని ఎగాదిగా చూశారు. ఇక తనతో పనేముంది? స్టూలు పట్టుకెళ్లి వంటింట్లో పడేశారు.

ఈ ఏటి కచేరీకి ముందు రోజు చూస్తే ఆ స్టూలు మళ్లీ పియానో పక్కనే ఉంది. పెడలు దాని ముందుంది.

"కూర్చోండి," అంది టీచరమ్మ. "చేతులు వణికితే వణకనివ్వండి. ఇన్నేళ్లు బ్రేకు తొక్కిన కాలు, అదేం వణకదు కదా."

ఆయన బెదురుతూనే కూర్చున్నారు. గడ్డం దిగింది, కాలు నొక్కింది, పేజీ మారింది. నిద్రపోయే ప్రయాణికులకు కుదుపు తెలియకుండా బస్సు ఆపినంత మెత్తగా మారింది.

కచేరీ రోజున మొదటి పాట సాఫీగా అయిపోయింది. చప్పట్లు మోగుతుంటే ఆయన చూపు అనుకోకుండా కిందికి వెళ్లింది. ఆవిడ కుడికాలు పియానోకే ఉండే పెడలు మీద ఉంది. ఎడమకాలు బెంచీ కింద హాయిగా ముడుచుకుని ఉంది. ఎడమకాలితో క్లచ్చి తొక్కుతూ బతికిన మనిషికి ఖాళీ కాలు కనిపించకుండా పోతుందా!

"నీ ఎడమకాలు ఊరికే ఉందిగా," అన్నారు మెల్లగా. "నువ్వే నొక్కుకోవచ్చు కదా."

"దానికి చేతకాదండీ," అంది ఆవిడ, తల తిప్పకుండానే.

ఆ ట్యాబ్ కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకూ ఆ చేతకాని కాలికీ మనసులోనే దండం పెట్టుకున్నారు డ్రైవరుగారు. రెండో పాట మొదలైంది. పెడలు మీద పాదం ఆనించి, గడ్డం ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ కూర్చున్నారు.