కాళ్ల మంటల గోలీలు

దీక్షితకు ఫిట్లు వస్తాయని వాడకట్టులో ఎవరికీ తెలియొద్దు. తల్లి రేణుకమ్మకు అంతకు మించిన కోరిక లేదు. నిజామాబాద్ డాక్టరు గాబాపెంటిన్ గోలీలు రాసిస్తూ చెప్పాడు: "ఫిట్లకూ ఇదే ఇస్తం, నరాల మంటలకూ ఇదే ఇస్తం. నడుమ ఆపితే మాత్రం ఫిట్లు తిరగబెడ్తయమ్మా."

బోధన్‌లో బస్సు దిగేసరికి రేణుకమ్మ అబద్ధం అల్లేసింది. గోలీలు తనవి, కాళ్ల మంటలకు. బిడ్డకు మాత్రం తలుపు మూసి మింగించేది.

పక్కింటి లింబవ్వకు షుగరు. అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టుండేవి.

"చెల్లె, నీ గోలీలు నాకో రెండియ్యి."

"డాక్టర్ని అడగాలక్కా."

"నువ్వు మింగంగ లేంది నాకేమైతది? గోలీలు గూడ దాసుకుంటవా?"

కాదంటే అనుమానపడుతుందని గోలీల పట్టీ నుంచి రెండు కత్తిరించి ఇచ్చింది. లింబవ్వకు కంటినిండా నిద్రపట్టింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చింది. డబ్బా అడుగంటింది.

"పొద్దటిది ఆపు బిడ్డా, మందులు తెచ్చేదాక రాత్రిదే మింగు," అంది రేణుకమ్మ కూతురితో.

"నా గోలీలు వాడకట్టుకు పంచుతున్నవా అవ్వా?" తల్లిని నిలదీసింది దీక్షిత.

"నీ కోసమే గదనే."

నాలుగు రోజులకు, తల్లితో నీళ్లకు పోయిన దీక్షిత నల్లా దగ్గర పడిపోయింది. బిందె మురికి మోరీలోకి దొర్లింది. ఎవరో గుప్పిట్లో తాళంచెవులు పెట్టబోతే రేణుకమ్మ నెట్టేసి, బిడ్డను పక్కకు తిప్పి పట్టుకుంది. వణుకు ఆగేదాకా ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని చూశారు.

సాయంత్రం లింబవ్వ వచ్చింది. గడప దాటలేదు. రెండు గోలీలు మిగిలిన పట్టీ ముక్కను వాకిట్లోకి విసిరింది.

"మందుల దుకాణంల అడిగిన, ఇవి ఫిట్లకిస్తరంట. ఫిట్లోళ్ల గోలీలు నాకు తినిపిస్తివి. నాకు గూడ అంటితే?"

"అది అంటేది కాదక్కా. గోలీ ఒకటే, నీ కాళ్లకూ గదే. ఒక్కసారి డాక్టర్‌కు సూపిచ్చుకో."

"ఇంక సాలు తియ్. నా మనవరాలిని మీ ఇంటికి పంప."

మంట పుట్టే పాదాలను ఒక్కొక్కటే ఎత్తి ఎత్తి వేస్తూ వెళ్లిపోయింది.

రేణుకమ్మ ఆ ముక్కను ఏరి, మన్ను కొంగుతో తుడిచి, లోపలికి తెచ్చింది.

"ఈ గోలీలు ఇప్పుడు ఎవరియని చెప్తవ్ అవ్వా?" మంచం మీంచి అడిగింది దీక్షిత.

రేణుకమ్మ ఒక గోలీ తీసి బిడ్డ చేతిలో పెట్టింది. నీళ్ల గ్లాసు అందించింది. తలుపు మూసే పని ఇక లేకుండా పోయింది.