రైలు పోయేదాకా

మిన్నెసోటాలో అది ఎనభై మూడు నాటి చలికాలం. ఇనుప ఖనిజం మోసే గూడ్సు కోసం జయరాజు సుపీరియర్ సరస్సు ఒడ్డున, మోకాలి లోతు మంచులో మూడు గంటలు కాపు కాశాడు. తీరా రైలు వంతెన ఎక్కాక, అతను కెమెరా నొక్కే క్షణానికి భార్య నవోమి టీ ఫ్లాస్కుతో కెమెరాకి అడ్డొచ్చింది.

“బంగారంలాంటి షాట్ పాడుచేశావు,” అన్నాడు. టీ ముట్టకుండానే కెమెరా సంచిలో పెట్టేశాడు.

క్రిస్మస్‌కి వాళ్ళింట్లో తెలుగువాళ్ళ ప్రార్థన కూటం జరిగింది. అది ముగియగానే, ఇంకా బిర్యానీ వడ్డించకముందే, జయరాజు లైట్లార్పి గోడమీద స్లైడ్లు వేశాడు. మొత్తం ఎనభై రైళ్ళు. ఒక్కో ఇంజనుకీ ఎన్ని హార్స్‌పవరో అతను చెబుతుంటే, జనం ఆకలి దిగమింగుకుని మర్యాదగా చూశారు. అంతలో నవోమి అడ్డొచ్చిందని తను పక్కన పడేసిన ఆ పాడు స్లైడు గోడమీద ప్రత్యక్షమైంది. అది ప్రొజెక్టరు ట్రేలోకి ఎలా వచ్చిందో నవోమికే తెలియాలి.

“ఉండు, తియ్యకు,” అంది కాకినాడ నుంచి తన కొడుకు దగ్గరికొచ్చి, అతనితో కూటానికొచ్చిన రూతమ్మగారు. “ఇన్నింట్లో ఇదొక్కటే ఫొటో. అమ్మాయి ఎంత కళగా పడిందో.”

అందరూ అవునన్నారు. జయరాజు కూడా కాస్త మెత్తబడ్డాడు.

“కాకపోతే,” అంది ఆవిడ, “వెనకాల ఆ రైలు పోయేదాకా ఒక్క నిమిషం ఆగాల్సింది నాయనా.”