పాకం మీద తాగిన తెల్ల వైను

హోటల్లో వంట చేసే మాస్టరు తెల్ల వైను ఒక గుటక వేసి మొహం చిట్లించాడు. నిన్న ఇదే వైను పచ్చి ఆపిల్ వాసనతో, నిమ్మచెక్క పిండినంత చురుగ్గా ఉండి, వెన్నలో వేయించిన చేపకు అతికినట్టు సరిపోయింది. ఇవాళ వట్టి పులుపు. సీసాలు తెచ్చేది సొంత బావమరిది.

“ఏరా, సరుకు మార్చేశావా?”

“నీ మీద ఒట్టు బావా, నిన్నటి పెట్టెలోదే.”

“నా మీదెందుకురా, నీ మీద వేసుకో!”

మాస్టరు సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. సీసా మీది లేబుల్ అంచును గోటితో గీకాడు. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. ఫోను తీసి యజమానికి చెప్పేశాడు.

బావమరిది మొహం పాలిపోయింది. “నా ఉద్యోగం ఊడగొట్టావు కదా! ఇంతకీ తాగే ముందు ఏం తిన్నావు?”

“కేకు కోసం కాచిన పంచదార పాకం రుచి చూశాను.”

“తీపి నాకిన నోటికి ఇది పుల్లగా కాక ఎలా ఉంటుంది? ముందు ఈ చేపముక్క తిను.”

ఉప్పటి ముక్క తిని మళ్లీ తాగితే ఆపిల్ వాసన తిరిగొచ్చింది. అంతలో యజమాని తలుపు తోసుకొచ్చాడు.

“ఏడీ ఆ దొంగ?”

“తప్పు నాదేనయ్యా. పాకం మీద తాగాను.”

“భార్య తమ్ముడని వెనకేసుకొస్తున్నావా?” యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

మాస్టరు పాకం గరిటె, వైను గ్లాసు, చేపముక్క ఆయన ముందు పెట్టాడు. యజమాని పాకం నాకి, వైను తాగి, మొహం ముడిచాడు. చేప తిని తాగాక మాత్రం ఇంకో ముక్క వెయ్యమన్నాడు.