కార్డు వచ్చినాక మానేసిన మాత్ర

మానేసిందా, ఎవరు, వసంతమ్మ మాత్ర మానేయడమేమిటి, ఈ డాక్టరు ఇంకెవరి సంగతో చెబుతున్నాడేమో అనుకున్నాడు మునస్వామి, తిరుపతి ఆసుపత్రి వరండాలో గోడకు చేరగిలబడి, పొద్దున గానుగ దగ్గర బెల్లం పెనం ముందు భార్య గుండె పట్టుకుని కూలబడినప్పుడు కూడా ఇంతగా ఒళ్లు చల్లబడలేదు, పూతలపట్టు నుంచి జీపులో వస్తున్నంతసేపూ జేబు తడుముకుంటే ఆరోగ్యశ్రీ కార్డు చేతికి తగులుతూనే ఉంది, అదే ధైర్యం, ఇక్కడ ఆరోగ్యశ్రీ బల్ల దగ్గర కూర్చున్న పవిత్ర అనే పిల్ల కూడా ఆపరేషను కార్డు మీదనే అయిపోతాది తాతా, దిగులు పడొద్దు అనింది, అంతలో ఈ డాక్టరు వచ్చి, బీపీ మాత్రలు ఎందుకు మానేసింది, నెలల తరబడి వేసుకోలేదంట, అందుకే గుండె మీదికి వచ్చింది అని అడుగుతాడేమిటి, నిజమే, మాత్రల డబ్బాలో ఆమె సూదీ దారం పెట్టుకుని ఉండగా తాను చూశాడు, చూసి కూడా చొక్కా గుండీ కుట్టించుకుని వెళ్లాడు.

మంచం దగ్గరికి పోయి ఎందుకు మానేస్తివే అంటే, ఆయాసపడుతూనే ఆమె, కార్డొచ్చె గదా, ఇంక మాత్రలెందుకు, నువ్వే గదా అంటివి, ఏమొచ్చినా ఇంక సర్కారే సూసుకుంటాది వసంతా అని, అనింది, అవును, కార్డు తెచ్చిన రోజు వీధంతా వినబడేట్టు అన్నాడు, కాళ్లీడ్చుకుంటూ మళ్లీ పవిత్ర దగ్గరికి వచ్చి, మాత్రలకు ఈ కార్డు పనికిరాదా తల్లీ అంటే, ఆ పిల్ల, పెద్ద జబ్బుతో ఆసుపత్రిలో సేరితేనే ఇది తాతా, రోజూ మింగే బీపీ మాత్రలు దీంట్లో రావు, అవి సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, మీ ఊళ్లో లేదా ఏంది అనింది, ఉంది, కూడలి దాటితే ఉంది, రోజూ దాని ముందరే సైకిల్ మీద పోతాడు, లోపల పసిబిడ్డల ఏడుపు వినబడుతుంటే సూదులేసే చోటు అనుకున్నాడే గానీ ఒక్కనాడూ దిగి అడగలేదు.

ఆపరేషను చక్కగా అయింది, గండం గడిచింది అని డాక్టరు చెప్పాడు, వసంతమ్మ కళ్లు తెరిచి, ఇంక మాత్రలు అక్కర్లేదు గదా అనింది, డాక్టరు పక్కనే ఉన్నాడు, పవిత్ర ఉంది, నర్సమ్మ ఉంది, ఆమె మాత్రం ఎవరివైపూ చూడకుండా తనవైపే చూసింది, ఏం భయం లేదులే అని అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటను మునస్వామి ఆపుకున్నాడు, ఈ మనిషి కార్డును ఏనాడూ నమ్మలేదు, అందులో ఏముందో ఆమెకు తెలియదు, తెలిసిందల్లా తాను చెప్పిన మాట, దాన్ని పట్టుకునే మాత్ర మానేసింది, ఇప్పుడు చెప్పే మాటనూ అట్లే పట్టుకుంటుంది, మింగాల వసంతా, బతికినన్నాళ్లూ మింగాల అన్నాడు, సరేలే, నువ్వు సెప్తే మింగుతా అని ఆమె కళ్లు మూసుకుంది.