పోటు తెలియని వేట

ఆ నవంబరులో సింగపూరు యార్డుకి రిపేరు ఓడలు రావడం తగ్గిపోయింది. రెండు డాకుల్లో ఒకటి నెల రోజులుగా ఖాళీ. వెల్డర్లకి వారంలో మూడు రోజులే పని. మిగతా రోజులు వుడ్‌ల్యాండ్స్ డార్మిటరీలో మంచాల మీద పడుకుని ఫోన్లు చూసుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, వాన తగ్గిందా లేదా అని కిటికీలోంచి చూడడం. పని లేని మనుషులు ఊరికే కస్సుబుస్సుమంటారు. పన్నెండు మంది ఉండే ఆ గదిలో రోజూ ఏదో ఒక గొడవ.

ఒక సాయంత్రం బట్టలు తీయడానికి బయటికొచ్చిన ఉపేంద్ర తలెత్తి చూశాడు. ఇరవై దాకా బాతులు సన్నగా ఈలలు వేస్తూ క్రాంజీ రిజర్వాయరు వైపు పోతున్నాయి.

"ఏంటన్నా ఆ ఈల?" అన్నాడు పక్కనే ఉన్న బాబ్జీ. బాబ్జీది జగ్గంపేట దగ్గర మెట్ట ఊరు. యార్డులో పెయింటరు. మనిషి భారీ, మనసు మెత్తన.

"పరజల్లో ఒక జాతిరా. మా కొల్లేటి మీద చలికాలం ఆకాశం నిండా ఇవే."

ఉపేంద్ర తాత, తండ్రి కొల్లేట్లో ఉచ్చులేసి పిట్టల్ని పట్టి బతికినవాళ్లు. తర్వాత అక్కడ పిట్టని ముట్టుకుంటే కేసు అన్నారు. తండ్రి ఉచ్చులు అటకెక్కించాడు, ఉపేంద్ర వెల్డింగు నేర్చుకుని సింగపూరు వచ్చాడు. ఇక్కడ తొమ్మిదేళ్లు. ఆ రాత్రి గదిలో అతను వేట కబుర్లు చెబుతుంటే, పై మంచం మీద నుంచి ఒకడు నవ్వాడు. "చెప్పడానికేం, నేనూ పులిని చంపానని చెప్తా."

ఆ నవ్వు ఉపేంద్రకి ముల్లులా దిగింది. ఇక్కడ కూడా పిట్టని పట్టడం నేరమని అతనికి తెలుసు. దొరికిపోతే పని పర్మిట్ పోతుందనీ తెలుసు. అయినా మర్నాడు గాలాల కొట్లో నైలాన్ దారం కొన్నాడు. యార్డు చెత్తలోంచి వాడేసిన వెల్డింగు రాడ్లు ఏరుకొచ్చి ఉచ్చులు పాతే గూటాలుగా వంచాడు. ఎనిమిదో ఏట తాత నేర్పిన ముడి వేళ్లకి ఇంకా గుర్తుంది.

మొదటి ఆదివారం బాబ్జీని తోడు తీసుకుని రిజర్వాయరు పక్క తుంగలోకి వెళ్లాడు. మధ్యాహ్నం దాకా కూచుంటే రెండు కొంగలు, ఒక ఉడుము కనిపించాయి. రెండో ఆదివారం వాన. ఉచ్చులన్నీ నీళ్లలో తేలాయి. బాబ్జీకి జలుబు చేసింది.

"ఈ ఏడు కాలం బాలేదు," అన్నాడు ఉపేంద్ర బస్సులో. "ఎక్కడ చూసినా నీళ్లే. గుంటల్లో నీళ్లు, మైదానాల్లో నీళ్లు. అన్ని చోట్లా నీళ్లుంటే పిట్ట ఒక్కచోటికి ఎందుకొస్తుంది? నీళ్లు తగ్గి బురద తేలిన చోటు కావాలి మనకి."

"మనకొద్దన్నా ఇంక. కోడి తెచ్చుకుని వండుకుందాం."

ఉపేంద్ర వినలేదు. బుధవారం పని లేని రోజు ఒంటరిగా వెళ్లి సముద్రపు పాయ ఒడ్డున మడచెట్ల వెనక ఒక చోటు కనిపెట్టి వచ్చాడు. ఎకరాల కొద్దీ నల్ల బురద, దాని మీద ముగ్గేసినట్టు పిట్టల అడుగులు. ఎండాకాలం కొల్లేరు అడుగు తేలినట్టే ఉంది. అతని ఆలోచన అక్కడితో ఆగిపోయింది. సముద్రానికి పోటు ఉంటుందని తెలియనివాడేం కాదు. తొమ్మిదేళ్లుగా యార్డు గోడ మీద నీటి గీత ఎక్కడం, దిగడం చూస్తూనే ఉన్నాడు. కానీ నిలువు గోడ మీద చూసిన పోటు, బల్లపరుపు బురద మీద ఎలా వస్తుందో ఎప్పుడూ చూడలేదు.

"ఈ ఒక్కసారి రారా. ఈసారీ పడకపోతే దారం నీ చేత్తోనే కాల్చెయ్యి," అని బాబ్జీని బతిమాలాడు. బాబ్జీకి ఇష్టం లేదు. అన్న అడిగాడని వచ్చాడు.

మూడో ఆదివారం ఉదయం ఏడున్నరకి మడచెట్లు దాటారు. నీళ్లు ఎక్కడో దూరంగా తళతళమంటున్నాయి. ఉపేంద్ర రెండు వరసల్లో ఇరవై నాలుగు ఉచ్చులు పాతాడు. ఒక వరస చెట్ల దగ్గర, రెండోది బాగా లోపల. బాబ్జీ రాడ్లు అందించాడు, అంతే. తర్వాత ఇద్దరూ చెట్ల వేళ్ల మీద కూచున్నారు. దోమలు. ఒక గంట గడిచింది. పిట్టలు నీటి అంచునే తిరుగుతున్నాయి తప్ప ఇటు రావడం లేదు.

తొమ్మిది దాటాక అవి కదిలాయి. వంద, రెండు వందలు, పొడుగు ముక్కుల ఉల్లంకులు, వాటి వెనక కొన్ని బాతులు, మెల్లగా ఉచ్చుల వైపు నడిచి వస్తున్నాయి.

"చూశావా! చెప్పలా నేను! నడుచుకుంటూ వస్తన్నాయ్," అన్నాడు ఉపేంద్ర. తొమ్మిదేళ్లలో అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

పిట్టల్ని అటు నుంచి తోసుకొస్తున్నది నీళ్లేనని అతనికి తట్టలేదు.

లోపలి వరసలో ఒక గూటం ఒరిగినట్టు కనిపించింది. "నేను సరిసేసొత్తానన్నా," అని బాబ్జీ లేచాడు. అన్న ముఖంలో ఆ వెలుగు చూశాక వాడికీ హుషారొచ్చింది. యార్డు సేఫ్టీ షూలతో టపటపా అడుగులేస్తూ వెళ్లాడు. పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. గూటం ఇంకో పది అడుగులు ఉందనగా వాడి కుడికాలు మోకాలి దాకా దిగింది. దాన్ని లాగబోయి ఎడమకాలి మీద బరువేశాడు. అదీ దిగింది.

"అన్నా, ఇరుక్కున్నాను!" అని నవ్వుతూనే అరిచాడు.

ఉపేంద్ర వెళ్లేసరికి తొడల దాకా దిగాడు. నవ్వు పోయింది. చెయ్యి పట్టి లాగితే ఉపేంద్ర కాళ్లు కూడా దిగడం మొదలుపెట్టాయి.

"కదలకు. తన్నుకోకు. తన్నుకున్న కొద్దీ లాగేస్తుంది." ఉపేంద్ర బురద మీద బోర్లా పడుకున్నాడు. కొల్లేట్లో అలాగే చేస్తారు. పడుకున్న చోట పొట్టకి చల్లగా ఏదో తగిలింది. చూస్తే నీళ్లు. చప్పుడు లేదు, అల లేదు. పల్చటి అద్దంలా బురద మీద పాకుతూ వచ్చి బాబ్జీని చుట్టేసి ఒడ్డు వైపు పోతున్నాయి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"అన్నా, ఇది ఎంత దాకా వత్తాది?"

ఉపేంద్ర అరచేత్తో నీటి లోతు చూశాడు.

ఒడ్డు మీది నుంచి ఎవరో ఇంగ్లీషులో కేకేశారు. మడచెట్ల మధ్య ఖాళీలో టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ, పక్కన మూడు కాళ్ల స్టాండు మీద దుర్భిణి. బాబ్జీ "అమ్మా! అమ్మా!" అని అరిచాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "తెలుగువాళ్లా? కదలొద్దు బాబూ! ఫోన్ చేస్తున్నాను!" అంది.

ఆవిడ పేరు రాజకుమారి. వుడ్‌ల్యాండ్స్‌లోనే ముప్పై ఏళ్లుగా ఉంటోంది. బ్యాంకు ఉద్యోగం మానేశాక ఆదివారాలు పిట్టల్ని లెక్కపెట్టడానికి వస్తుంది. ఆ ఏడాది పిట్టలు తక్కువగా వచ్చాయని దిగులు పడుతూ, పోటుకి అవి ఒడ్డుకి చేరే వేళ చూసుకుని వచ్చింది. వీళ్లు ఉచ్చులు పాతడం చూడలేదు. ఒరిగిన గూటం మాత్రం దుర్భిణిలో స్పష్టంగా కనిపించింది.

ఎమర్జెన్సీ నంబరు 995కి ఫోన్ చేసి చోటు చెప్పాక ఆవిడ మళ్లీ అరిచింది. "ఫైరు వాళ్లు ఒడ్డుకి రావడానికే ఇరవై నిమిషాలంట! ఇవాళ పోటు మూడు మీటర్ల పైన. పదకొండున్నరకి నిండుతుంది. మీరున్న చోట మనిషి మునుగుతాడు. ఏదో ఒకటి చెయ్యండి!"

బాబ్జీ ఏడవడం మొదలుపెట్టాడు. నీళ్లు వాడి నడుము దాటాయి. "నన్నొగ్గేసి ఎల్లిపో అన్నా. నీ పర్మిట్ పోద్ది. ఎల్లిపో."

"నోర్ముయ్యరా."

ఉపేంద్ర చుట్టూ చూశాడు. చెట్ల వేళ్లలో చేపల ఫారాల నుంచి కొట్టుకొచ్చిన థర్మాకోల్ దిమ్మలు చిక్కుకుని ఉన్నాయి. "అమ్మా! ఆ తెల్ల దిమ్మలు! ఇటు తొయ్యండి!" రాజకుమారి బూట్లతోనే మోకాలి లోతులోకి దిగింది. ఒక దిమ్మ గాలికి పక్కకి పోయింది. రెండోది ఉపేంద్ర పాక్కుంటూ వెళ్లి అందుకున్నాడు. బాబ్జీని దాని మీదికి వాల్చి, "గట్టిగా కౌగిలించుకో. బరువంతా దాని మీదే వెయ్యి," అన్నాడు.

తర్వాత చేతుల్తో వాడి ఎడమకాలి చుట్టూ బురద తోడడం మొదలుపెట్టాడు. తోడిన కొద్దీ నిండుతోంది. అయినా నీళ్లు చేరి బురద కాస్త వదులైంది. కాలు మెల్లగా అటూ ఇటూ తిప్పించాడు. చాలాసేపటికి, పీపాలోంచి మూత ఊడిన చప్పుడుతో, ఎడమకాలు బయటికొచ్చింది. కుడిది రాలేదు. షూ కింద ఏ వేరులోనో బిగుసుకుంది. నీళ్లు బాబ్జీ చంకల దాకా వచ్చాయి.

"షూ విప్పెయ్యాలి. లేసులు ఎలా కట్టావ్?"

"రెండు ముళ్లేశానన్నా. ఊడిపోద్దని."

ఉపేంద్ర నడుముకున్న దారం కోసే చాకు తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఊపిరి పీల్చి మునిగాడు. కళ్లు తెరిచినా చీకటే. కాలు పట్టుకుని కిందికి తడుముకుంటూ వెళ్తే చెయ్యి భుజం దాకా బురదలో దిగింది. వేలికి లేసు తగిలింది. ఊపిరి చాలక పైకొచ్చాడు. రెండోసారి మునిగి ఒక వరస కోశాడు. మూడోసారి చాకు జారి మెత్తగా ఎక్కడో దిగింది, బాబ్జీ కాలు అదిరిపడింది. వాడి కేక నీళ్లలోకి కూడా వినిపించింది. నాలుగోసారి ఉపేంద్ర చెవుల్లో హోరు మొదలైంది. ఇంకో క్షణం ఉంటే తనే పైకి రాలేడని తెలిసింది. వదిలేద్దామని ఒక ఆలోచన కూడా వచ్చింది. అప్పుడే చివరి లేసు తెగింది. అతను మడమ కింద వేళ్లు దూర్చి పైకి తోశాడు.

బాబ్జీ దిమ్మతో సహా తేలాడు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉపేంద్ర దిమ్మ పట్టుకుని కాళ్లు కొట్టుకుంటూ ఒడ్డు వైపు నెట్టాడు. సగం దూరంలో నారింజ రంగు తాడు వచ్చి నీళ్లలో పడింది. ఫైర్ సిబ్బంది నలుగురు ఆ చివర ఉన్నారు.

ఒడ్డున బాబ్జీ చీలమండకి కట్టు కడుతూ కుర్ర ఫైర్‌మన్ అడిగాడు. "ఫిషింగ్ ఆ, అంకుల్?"

"ఫిషింగ్, ఫిషింగ్," అన్నాడు బాబ్జీ వెంటనే. పళ్లు కొట్టుకుంటున్నాయి.

ఫైర్‌మన్ తలూపాడు. అంతటితో సరిపోయేది. ఉచ్చులన్నీ నీళ్ల కింద ఉన్నాయి. రాజకుమారి నోరు విప్పలేదు. తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఉపేంద్రకి ఇచ్చి పక్కన కూచుంది.

"ఎన్ని పెట్టావు?" అంది మెల్లగా, తెలుగులో.

"ఇరవై నాలుగు."

"సాయంత్రం నీళ్లు తీస్తాయి. తీయగానే పిట్టలు మళ్లీ అక్కడే దిగుతాయి."

ఉపేంద్ర నీళ్ల వైపు చూశాడు. పిట్ట ఉచ్చులో పడ్డాక పోటు వస్తే ఏమవుతుంది? అరగంట కిందటి దాకా అతనికి ఆ ఆలోచనే లేదు. ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉచ్చులో పిట్టని చావనిచ్చినవాడు వేటగాడు కాదని తాత తిట్టేవాడు. పట్టిందాన్ని వెంటనే తీయాలి, తీయలేని చోట పెట్టకూడదు.

"మీరు చెప్తారా మేడమ్?"

"అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోయినా రాత్రి నాకు నిద్ర పట్టదు. కానీ నువ్వు చెప్తే వేరు." ఆవిడ గొంతులో కోపం ఉంది. అది దాచుకోలేదు.

ఉపేంద్ర టీ పూర్తిగా తాగాడు. బాబ్జీని అంబులెన్సులోకి ఎక్కించేదాకా ఆగాడు. తర్వాత లేచి ఫైర్ సిబ్బంది పెద్ద దగ్గరికి వెళ్లి, తన వచ్చీరాని ఇంగ్లీషులో, "సార్, నో ఫిషింగ్. బర్డ్ ట్రాప్. మై ట్రాప్. హిమ్ నో," అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి నీళ్లు తీశాక, పార్కుల అధికారులిద్దరు వెంట రాగా, అతనే దారి చూపించాడు. బురద మీద ఎక్కడ చెక్క పలక వేసుకుని నడవాలో వాళ్లు చూపించారు. ఉచ్చులు ఒక్కొక్కటే పీకి సంచిలో వేశాడు. చెట్ల దగ్గరి వరసలో పన్నెండూ ఖాళీ. లోపలి వరసలో ఏడో దాంట్లో మునిగి చచ్చిన ఉల్లంకి ఉంది. పిట్టలన్నీ లేచినప్పుడు ఇదొక్కటే లేవలేకపోయిందేమో, ఎవరూ చూసుకోలేదు. ఈకలు బురదకి అతుక్కుపోయాయి. ఒక కాలికి దారం బిగుసుకుని ఉంది. ఉపేంద్ర ముడి విప్పి, పిట్టని రెండు చేతుల్లో పట్టుకుని అధికారికి ఇచ్చాడు. ఒడ్డున నిలబడ్డ రాజకుమారి ముఖం తిప్పుకుంది.

మిగిలిన ఐదూ పీకాడు. ఇరవై నాలుగూ లెక్క సరిపోయాయి.

విచారణ ఆరు వారాలు నడిచింది. రాజకుమారి ప్రతిసారీ వచ్చి అతను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు. తనంతట తానే చెప్పాడనీ, మనిషిని కాపాడాడనీ అధికారులు రాసుకున్నారు. జైలు పడలేదు. జరిమానాతో పోయింది. కానీ యార్డు అతని పర్మిట్ పొడిగించలేదు. బాబ్జీది పొడిగించింది.

ఫిబ్రవరిలో ఉపేంద్ర వెళ్లే రోజు పొద్దున బాబ్జీ పెట్టె మోసుకుంటూ బస్టాపు దాకా వచ్చాడు. ఇంకా కొంచెం కుంటుతున్నాడు.

"నువ్వు సెప్పకుండా ఉంటే ఎవడికీ తెలిసేది కాదన్నా," అన్నాడు. ఆ మాట వాడి కడుపులో రెండు నెలల పైగా ఉంది.

"తెలిసేది కాదు."

"మరెందుకు సెప్పావు?"

బస్సు మలుపు తిరిగి కనిపించింది.

"నిన్ను ఆ రోజు నేనే రమ్మన్నాను కదరా," అన్నాడు. "నువ్వు వద్దన్నావు. అయినా రమ్మన్నాను."

అడిగినదానికి అది జవాబో కాదో బాబ్జీకి అర్థం కాలేదు. పెట్టె ఎక్కించి, దిగి, తలుపు మూసుకునేదాకా చెయ్యి ఎత్తే ఉంచాడు.